త్రవ్వకపు మాటలు: స్పానిషు నుండి ఇంగ్లీషునకు



ముప్పదియేండ్లకు పైబడి పాఠశాలలలో తెలుగు, సంస్కృతము బోధించి విశ్రాంతి గైకొన్న నాకు అమెరికా ఖండపు ప్రాచీన చరిత్రముతో పనియేమని మీకు సందేహము కలుగవచ్చును. అది న్యాయమైన సందేహమే. స్పానిషు భాషలో నేను పండితుడను గాను. నిఘంటువును ప్రక్కను బెట్టుకొని, వాక్యమునకు మూడు తావుల నిలిచి నిలిచి నడచువాడను మాత్రమే. ఈ ప్రసంగమునకు కారకుడు నా పూర్వశిష్యుడొకడు. స్పానిషు భాషలోని పురావస్తు గ్రంథములను ఇంగ్లీషులోనికి మార్చుట అతని జీవనవృత్తి. గడచిన వేసవిలో స్వగ్రామమునకు వచ్చినవాడు నన్ను చూడవచ్చి, కాగితముల కట్టనొకదానిని నా ముందు విప్పినాడు.

"మాస్టారూ, ఈ మాటలన్నింటికి అర్థము నాకు తెలియును. ఇంగ్లీషులో పెట్టబోయినపుడు మాత్రము జారిపోవుచున్నవి" అన్నాడు.

"అర్థము తెలిసిన మాట జారిపోవుటేమి నాయనా! ఒక్కొక్కటే చదువుము" అంటిని.

మా వసారాలో రెండు మధ్యాహ్నములు ఆ మాటలతోనే గడచినవి. అమరకోశమున నానార్థవర్గమని యొకటి కలదు. ఒక్క శబ్దమునకు అనేకార్థములు చెప్పు భాగమది. బాల్యమున దానిని వల్లించినవారికి ఇట్టి చిక్కులు క్రొత్తవి కావు. కాని అక్కడ చిక్కు ఒక్క భాషలోనిది. ఇక్కడ రెండు భాషల నడుమ ఒక శాస్త్రమును, ఆ శాస్త్రమునకు వెనుక ఒక దేశపు ఓటమియు నున్నవి.

మొదటి మాట 'యసిమియెంతో.' పడియుండుట, శయనించుట అను అర్థముగల క్రియ నుండి పుట్టినది. భూగర్భమున లోహము పడియున్న చోటును స్పానిషువారు ఈ మాటతోనే పిలుతురు, ప్రాచీనుల కుండలు, ఎముకలు పడియున్న చోటును ఈ మాటతోనే పిలుతురు. ఇంగ్లీషులో మొదటిదానికి డిపాజిట్ అనియు, రెండవదానికి సైట్ అనియు వేరు వేరు మాటలు కలవు. తెలియనివాడు రెండవచోట గూడ డిపాజిట్ అని వ్రాసిన యెడల నిఘంటువు అతనిని తప్పుపట్టదు. కాని ఇంగ్లీషు పురావస్తు శాస్త్రమున డిపాజిట్ అనగా ఒక్కొక్క కాలమున వచ్చి చేరిన మన్నుగాని, వస్తువులుగాని అగును. ఒక్క సైటులో అట్టివి పదులకొలది యుండవచ్చును. గ్రామమని చెప్పదలచి ఒక యింటి యరుగును చూపినట్లయినది.

ఈ మాట వినగానే నాకు మన దానశాసనములు స్మృతికి వచ్చినవి. భూమిని దానమిచ్చునపుడు నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములతో ఇచ్చుట మన ఆచారము. అందు నిక్షేపమనగా ఉంచబడినది, దాచబడినది. భూమిలో నున్నదెల్ల సంపదయే యను భావము ఆ మాటలోనే యున్నది. స్పానిషు మాటలో దాచినవాని ప్రసక్తి లేదు, పడియున్నది, అంతే. అయినను గనిని, పాడుపడిన యూరిని ఒక్క పేరుతో పిలిచిన జాతి ఆ రెంటిని ఒక్క తీరుగనే త్రవ్వినదని ముందు చెప్పబోవుచున్నాను.

రెండవ మాట 'ఓగార్.' వ్రాతలో హకారముండును గాని పలుకరు. దీనికి పొయ్యి యని యర్థము, ఇల్లు అనియు అర్థము. నిప్పున్నచోటే యిల్లు గదా! ఇంగ్లీషున పొయ్యికి హార్త్ అందురు, ఇంటికి హోమ్ అందురు. గుహలో నల్లని బూడిద, కాలిన రాళ్లు కనబడెనని మూలమున నుండగా, గుహలో మూడు ఇండ్లు కనబడినవని అనువదించిన పెద్దమనిషి యొకడున్నాడని నా శిష్యుడు చెప్పి నవ్వినాడు. ఆ వాక్యము చదివిన వేరొక పండితుడు జనసంఖ్య లెక్కకట్టకుండెనా యని నా భయము.

మూడవది 'కాతా.' రుచి చూచుట యని దీని యర్థము. ద్రాక్షాసవమును రుచి చూచుటయు కాతాయే, దిబ్బలో నేమున్నదో తెలిసికొనుటకు మొదట త్రవ్వు చిన్నగోతియు కాతాయే. అన్నము ఉడికినదా లేదా యని చూచుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన యాడువారెరిగిన సంగతియే గదా! ఇంగ్లీషువారు దీనిని పరీక్షగోయి యను నర్థముగల మాటతో సరిపెట్టుకొనిరి. అర్థము వచ్చినది, రుచి పోయినది. ఇట్టి నష్టమునకు నేను పెద్దగా విచారించను.

రాతిపనిముట్ల పేర్ల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. 'రాయెదేరా' యనియు 'రాస్పాదోర్' అనియు రెండు మాటలు కలవు. రెండును గీకునవే, తోళ్లకు అంటియున్న క్రొవ్వును కొయ్యపై బెరడును గీకుట వాని పని. సామాన్య నిఘంటువులో రెంటికిని స్క్రేపర్ అనియే యుండును. కాని మొదటిదానికి పదును రాతిపెచ్చు ప్రక్కయంచున నుండును, రెండవదానికి కొనయందుండును. ఇంగ్లీషు శాస్త్రజ్ఞులును ప్రక్కగీకుడురాయి, కొనగీకుడురాయి యని రెండు పేర్లు పెట్టుకొనియే యున్నారు. ప్రక్కయంచు రాళ్లు ఎక్కువైన పొర యొక కాలమును, కొనయంచు రాళ్లు ఎక్కువైన పొర మఱియొక కాలమును సూచించును. అనువాదకుడు రెంటిని కలిపివేసిన యెడల పాఠకునికి ఇరువది ముప్పదివేల యేండ్ల భేదము కనబడక పోవచ్చును. వ్యాకరణమున హ్రస్వదీర్ఘములను కలిపివేసినవానిని మనము క్షమింతుమా?

ఆ పట్టికలో నన్ను మిక్కిలి నిలిపివేసిన మాట 'అహువార్.' అరబ్బీ భాషనుండి స్పానిషులోనికి వచ్చినది. పెండ్లికూతురు అత్తవారింటికి తీసికొనిపోవు వస్త్రములు, పాత్రలు, పెట్టెలు, సామాను అంతయు అహువారే. పురావస్తువేత్తలు సమాధిలో శవముతో గూడ ఉంచబడిన వస్తువులకు ఈ మాటనే వాడుదురు. ఇంగ్లీషువారికి ఇచ్చట గ్రేవ్ గుడ్స్ అను మాట కలదు. సమాధి సామాను అన్నమాట. శాస్త్రమునకు అది చాలును. నా శిష్యుడు మాత్రము ఒక చిన్నబాలిక సమాధి వర్ణనమును చదివి వినిపించినాడు. రెండు చిన్నకుండలు, ఒక ఎముక సూది, గుల్లల పేరు. "ఇంగ్లీషులో వ్రాసినపుడు ఇది అంగడి లెక్కవలె నున్నది మాస్టారూ. స్పానిషులో ఆ పిల్లను ఎక్కడికో సాగనంపినట్లున్నది" అన్నాడు.

"దానిని మనము సారె యందుము గదా నాయనా" అంటిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. తెలుగున అంత సులువుగ దొరకిన మాట ఇంగ్లీషున దొరకకపోవుట అతని దోషము గాదు. సమాధిలోనివి సారెయని పిలుచుట ఎవరికి తోచినదో గాని, మొదట ఆ మాట వాడిన స్పానిషువాడు కవియై యుండవలెను. కాక, కూతురిని అత్తవారింటికి పంపిన తండ్రియై యుండవలెను.

అనువదింపకయే ఇంగ్లీషు స్వీకరించిన మాటలును కొన్ని కలవు. 'అదోబె' అనగా ఎండలో ఆరబెట్టిన పచ్చియిటుక. దీని చరిత్రము వినదగినది. ప్రాచీన ఈజిప్టువారి మాట కాప్టు భాషలోనికి, అందుండి అరబ్బీలోనికి, అరబ్బుల వలన స్పెయినులోనికి, స్పానిషువారి వెంట ఓడలెక్కి అమెరికాకు, అక్కడనుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. నైలునది బురదతో ఇటుకలు కోసినవారి మాటను పెరూ దేశపు మట్టిగోడలకు నేడు వాడుచున్నారు. అటులనే 'మెతాతె,' 'మానో' అను జంట. మొదటిది మెక్సికోలోని నావాత్ల్ భాషనుండి పుట్టినది, మొక్కజొన్న నూరు సన్నెకల్లు. రెండవదానికి స్పానిషున చేయి యని యర్థము. చేతితో బట్టి నూరు రాయి గనుక లక్షణచే చేయి యనిరి. మన పొత్రమన్నమాట. ఇంగ్లీషు నివేదికలలో ఈ రెండును ఇట్లే యుండును. తొలిసారి చదివినవాడు త్రవ్వకములో ఇన్ని చేతులెట్లు దొరకినవని తెల్లబోవలసినదే.

ఇక కట్టడముల పేర్లు. ఇవి మాటలకంటె కష్టమైనవి. యుకతాన్ ద్వీపకల్పమున ఉష్మాల్ అను మాయానగరమున నాలుగుప్రక్కల గదులతో ముంగిలిని చుట్టియున్న కట్టడమొకటి కలదు. స్పానిషువారికి తమ సన్యాసినుల మఠము జ్ఞప్తికి వచ్చి 'మోన్హాస్' అనిరి. ఇంగ్లీషువారు ఆ పేరును తమ భాషలోనికి మార్చిరి. అక్కడ సన్యాసినులెన్నడును లేరు. చిచెన్ ఇత్సాలోని గొప్ప సోపానదేవాలయము కోట యయినది. అది కోట కాదు. ఆ పురమందే గుండ్రని కట్టడమొకటి 'కారకోల్,' అనగా నత్త. లోపలి మెట్లు నత్తగుల్లవలె చుట్టలు తిరిగి యుండుటచేత ఆ పేరు వచ్చినది. దీనిని మాత్రము ఇంగ్లీషువారు మార్చక యుంచిరి. ఒకదానిని మార్చి వేరొకదానిని విడుచుటకు నియమమేమియు నాకు కనబడలేదు. శబ్దములను యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని మనవారు విభజించిరి. ఈ పేర్లు యౌగికములుగా పుట్టి రూఢములుగా స్థిరపడినవి. అట్టివానిని అవయవార్థము పట్టి అనువదించుట పొరపాటని నా యభిప్రాయము. పంకజమును బురదలో పుట్టినదని అనువదింతుమా?

మనలను మనము మినహాయించుకొనరాదు. అమరావతీస్తూపము శిథిలమై మన్నుగప్పి యుండగా మనవారు దానిని దీపాలదిన్నె యనిరి. 1797 వ సంవత్సరమున కర్నలు మెకంజీ దానిని చూచునాటికి అది స్తూపమని చెప్పగలవారు అచ్చటలేరు. బృహచ్ఛిలాయుగపు సమాధులను నేటికిని పల్లెలలో రాక్షసగుళ్లందురు. పేరు మరచినవాడు క్రొత్తపేరు పెట్టుకొనుట సహజము. కాని ఆ క్రొత్తపేరు శాస్త్రగ్రంథమున కెక్కిననాడు దానిని చెరుపుట బ్రహ్మతరము గాదు. మెక్సికో దేశమున మోంతె ఆల్బాన్ అను కొండపై చెక్కిన పలకలు మూడువందలకు పైగా దొరకినవి. వానిపై దిగంబరులైన మనుష్యులు కాళ్లుచేతులు వంకరలు తిప్పి యున్నారు. చూచినవారు నర్తకులనుకొని 'దాన్సాంతెస్' అని పేరు పెట్టిరి. తరువాత పరిశీలించిన విద్వాంసులు కనులు మూతవడి యుండుటయు, అంగములు ఛేదింపబడి యుండుటయు గమనించి, వీరు చంపబడిన శత్రువులని తేల్చిరి. నాట్యమనుకొన్నది మరణవేదన! అయినను పేరు మారలేదు. నేటికిని ఇంగ్లీషు గ్రంథములలో ఆ స్పానిషుమాట అట్లే యున్నది. అనువదించి నర్తకులందమా, అబద్ధము. ఖైదీలందమా, మూలములో లేదు. ఇట్టిచోట మాటను విదేశపు దుస్తులతోనే నిలుపుట మేలు. చదువరి దానిని మాటగా గాక పేరుగా గ్రహించును.

మెక్సికోను జయించిన కోర్తెస్ తన రాజునకు 1519 మొదలు 1526 వరకు వ్రాసిన లేఖలలో అజ్టెకుల దేవాలయములను 'మెస్కీతా' లనినాడు. మెస్కీతా యనగా మసీదు. అమెరికాలో మసీదులెక్కడివి? స్పెయినువారు ఏడువందల యేండ్లకు పైగా ముస్లిము రాజ్యములతో పోరాడియుండిరి. గ్రెనడా పతనమై అప్పటికి ఇరువదియేడేండ్లే. అన్యమతస్థుల ఆలయమనగా వారికి తెలిసిన మాట అదియొక్కటే. ఇంగ్లీషులో దీనిని ఏమని వ్రాయవలెను? దేవాలయమని వ్రాసిన వస్తువునకు న్యాయము. మసీదని వ్రాసిన వక్తకు న్యాయము. నేను రెండవ పక్షమువాడను. కోర్తెస్ చూచినదేమో తెలిసికొనుటకు శిథిలములున్నవి. కోర్తెస్ ఎట్లు చూచెనో తెలిసికొనుటకు ఆ మాటయే గతి. ఆతని సైనికుడు బెర్నాల్ దియాస్ ఆ ఆలయములనే 'కు' అనినాడు. మాయాభాషలో దైవవాచకమైన మాటయది. దియాస్ గ్రంథమును 1908 నుండి 1916 వరకు అయిదు సంపుటములుగా ఇంగ్లీషున వెలయించిన మాడ్‌స్లే ఆ మాటను కదలింపలేదు. ఆయన స్వయముగా మాయాశిథిలములలో ఏండ్లతరబడి తిరిగి శాసనములకు అచ్చులు తీసినవాడు. మార్చకూడని మాట ఏదో ఆ కాళ్లకు తెలిసియుండును.

ఇంగ్లీషువారు మన దేశమున చేసిన చిత్రమొకటి ఇక్కడ చెప్పక పోలేను. స్తూపమును వారు పందొమ్మిదవ శతాబ్దిలో 'టోప్' అనిరి. ప్రాకృతమున థూపమైనది వారి నోట టోపైనది. మన తోపు, మామిడితోపు, చింతతోపు గూడ వారి నోట టోపే యైనది. కన్నింగుహాము 1854 లో ప్రకటించిన గ్రంథము పేరు భిల్సా టోప్స్. దానిని ఎవరైన తెలుగున భిల్సా తోపులని అనువదించిన, చదివినవారు పండ్లకొఱకు బయలుదేరుదురు!

ఇప్పుడు అసలు మాటకు వచ్చుచున్నాను. పెరూ దేశపు కెచువా భాషలోని 'వాకా.' స్పానిషువారు దీనిని హువాకా యని వ్రాయుదురు. ఆ హకారమును పలుకరు. ఇంకా రాజవంశపు తల్లికి, స్పానిషు తండ్రికి కుస్కో నగరమున 1539 లో జన్మించిన గార్సిలాసో దె లా వేగా తన మాతృదేశ చరిత్రమును స్పానిషున వ్రాసి 1609 లో లిస్బను నగరమున ముద్రింపించెను. అందు ఆయన ఈ మాటకు అర్థములు చెప్పును. విగ్రహము వాకా. నైవేద్యము వాకా. దేవాలయము, సమాధి వాకా. అతిసుందరమైనదియు వాకా, అతివికృతమైనదియు వాకా. కవలలు వాకా, రెండు పచ్చసొనలుగల గ్రుడ్డు వాకా. భూమినుండి పెల్లుబుకు ఊట, ఎత్తయిన కనుమ, మంచుకొండల వరుస, ఇవన్నియు వాకాలే. సామాన్యమును మించి చూపరుల నిలువరించు ప్రతిదియు వాకా యని నాకు బోధపడినది. మన అద్భుతము, ఉత్పాతము, తీర్థము, దైవతము అను నాలుగింటిని ఒక్కచోట కలిపిన కొంత దగ్గరకు రావచ్చును.

గార్సిలాసో ఇంకొక మాట చెప్పును. వాకాలోని కకారమును అంగిటిచెంత పలికిన పవిత్రవస్తువు, గొంతులోపలినుండి పలికిన ఏడ్చుట. స్పానిషువారి చెవులకు ఆ భేదము తెలియదని ఆయన వాపోయెను. ఏబదియేండ్లు అక్షరోచ్చారణము దిద్దినవాడను గనుక ఈ వాక్యము దగ్గర నేను చాలసేపు ఆగితిని. తల్లిభాషలోని రెండు కకారములను తండ్రిభాషలో వ్రాయలేక, వ్రాయలేనని ఆ భాషలోనే చెప్పుకొన్నవాడు గార్సిలాసో. ఆయన గ్రంథమును రైకట్ అనునాతడు 1688 లోను, మార్‌ఖం 1869, 1871 సంవత్సరములలో రెండు సంపుటములుగాను ఇంగ్లీషు చేసిరి. ఇంగ్లీషునందును ఆ రెండు కకారములు లేవు.

గెలిచినవారి నోట ఈ వాకా ఏమయినది? సమాధులలో బంగారమున్నదని తెలిసిననాటి నుండి సమాధి, నిధి అను రెండర్థములే మిగిలినవి. త్రవ్వి తీసిన బంగారములో గనులకువలెనే ఐదవపాలు రాజునకు చెల్లవలెను. యసిమియెంతో యను మాటను మీరు మరచియుండరు. మోచె లోయలో సూర్యుని వాకా యని పిలువబడు మహత్తరమైన కట్టడమున్నది. కోట్లకొలది పచ్చియిటుకలతో పేర్చినది. ఏ యూరివారు ఏ యిటుకలు కోసి యిచ్చిరో తెలియుటకు కాబోలు, ఇటుకలపై నూరుకు మించిన తీరుల గుర్తులున్నవి. పదునేడవ శతాబ్ది ప్రారంభమున బంగారమునకై స్పానిషువారు గునపములతో విసిగి, మోచె నదినే దానిమీదికి మళ్లించిరి. మూడింట రెండువంతులు కొట్టుకొనిపోయినది. ఇటుకలపై గుర్తులు ఏటిలో కరగిపోయినవి. అప్పటినుండి దొంగత్రవ్వకముచేయువాడు 'వాకేరో' యయినాడు. పవిత్రమను మాటనుండి దొంగయను మాట పుట్టినది! ఇంగ్లీషున దీనికి దోపిడికాడని యర్థమిచ్చు మాట పెట్టవచ్చును. పెట్టినచో దొంగ మిగులును, దేవుడు పోవును. నా శిష్యుడు అట్లే యుంచి క్రింద వివరణము వ్రాసెదననినాడు. నేను సమ్మతించితిని.

కాలము కొంత మిగిలియున్నది. ఒక్క మాట తప్పుగా గ్రహించుటవలన ఒక జాతి వ్రాత మూడువందల యెనుబదియేండ్లు చదువరాకపోయిన కథ చెప్పెదను.

దియేగో దె లాందా యను స్పానిషు సన్యాసి యుకతాన్‌లో మతప్రచారకుడు. 1562 జూలైలో మానీ యను ఊర మాయావారి విగ్రహములను, ఇరువదియేడు పుస్తకములను అగ్నికి ఆహుతి చేయించెను. తాళపత్రములు చెదలు తిన్నవని చెప్పినపుడే మనకు ప్రాణము చివుక్కుమనును. మాయావారి పుస్తకములలో నేడు లోకమున మిగిలినవి నాలుగు. ఆ లాందాయే స్పెయినునకు రప్పింపబడి, విచారణ నెదుర్కొనుచు, 1566 ప్రాంతమున యుకతాన్ విషయములను గూర్చి గ్రంథము వ్రాసెను. తగులబెట్టిన చేతితోనే ఆ వ్రాతను గూర్చి మిగిలిన యొకేయొక సమాచారమును వ్రాసిపెట్టెను. మూలప్రతి నశించినది. సంక్షిప్తమైన నకలొకటి మాద్రిద్ నగరమున బ్రాస్యూర్ ద బూర్బూర్ అను ఫ్రెంచి మతాచార్యునికి దొరకి 1864 లో అచ్చుపడినది.

అందు మాయావారి అక్షరములివి యని లాందా యొక పట్టిక నిచ్చెను. లేఖకుని కూర్చుండబెట్టుకొని, అ, బె, సె యని స్పానిషు అక్షరముల పేర్లు పలుకుచు, నీ భాషలో ఈ 'లేత్రా' వ్రాయుమని యడిగెను. లేత్రా యనగా అక్షరమే. కాని ఏ యక్షరము? స్పానిషువానికి అక్షరమనగా బ్ అను వట్టి హల్లు. ఆ మాయా లేఖకునికి అక్షరమనగా అచ్చుతో గూడిన బె. మనకువలెనే! బె యని వినగానే అతడు త్రోవపై అడుగుజాడను గీసెను. ఆ భాషలో బె యనగా బాట. ఉచ్చు అను నర్థముగల 'లె' యను మాటను వ్రాయుమని లాందా, ఎలె, ఎ, పిమ్మట లె యని వర్ణక్రమము చెప్పెను. లేఖకుడు ఎ, లె, ఎ, లె యని నాలుగును వ్రాసెను. లాందాకు వీరి వ్రాత తికమకగా తోచినది. తికమక ఎవరిది? మనము బి. ఏ. అనియు ఎం. ఏ. అనియు తెలుగులిపిలో వ్రాయునపుడు చేయుచున్నది ఇదియే గదా! ఇంగ్లీషు హల్లు పేరును విని, విన్నది విన్నట్లు బి యని గుడియిచ్చి వ్రాయుచున్నాము. చివరకు ఏదైన నొక వాక్యము వ్రాయుమనగా, ఆ లేఖకుడు 'మా ఇన్ కాతి' యని వ్రాసెను. నాకిష్టములేదని దాని యర్థము. లాందా దానిని గూడ భద్రముగా ఉదాహరణముగా చేర్చెను. విసిగిన శిష్యుని మాటను గురువు వ్యాకరణములో చేర్చినట్లయినది.

తరువాతివారు ఆ పట్టికను రోమనులిపివంటి వర్ణమాల యనుకొని మాయాగ్రంథములను చదువబోయిరి. బ్రాస్యూర్ తానే ప్రయత్నించి, మునిగిపోయిన ఖండముల కథలు అందులో నున్నవనుకొనెను. 1880 లో వాలెంతినీ యను విద్వాంసుడు ఇది స్పానిషువారి కల్పనయని ప్రకటించెను. లాందా గ్రంథమును గేట్స్ 1937 లోను, టోజర్ 1941 లోను ఇంగ్లీషు చేసిరి. టోజరు పాదసూచికలు వేయికి మించినవి, పాండిత్యమునకు నమస్కరింపవలసినదే. అయినను లేత్రా లెటరుగనే నిలిచిపోయినది. నిఘంటువు ప్రకారము అందు తప్పేమియు లేదు.

లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరోజోవ్ అను యువకుడు లాందా గ్రంథమును రష్యను భాషలోనికి అనువదించుచుండెను. మాయాదేశమును చూచినవాడు గాడు. 1990 వరకును చూడలేదు. అచ్చుపడిన ప్రతులే యాతని యాధారము. లాందా ఏమి యడిగెనని గాక లేఖకుడు ఏమి వినెనని ఆలోచించి, ఇవి గుణింతములని 1952 లో ప్రకటించెను. మాయాపుస్తకములో సీమకోడి బొమ్మపై రెండు సంకేతములున్నవి. మొదటిది లాందా పట్టికలోని 'కు.' సీమకోడికి మాయాభాషలో కుట్స్ అని పేరు గనుక రెండవది ట్సు కావలెను. కుక్క బొమ్మపై మొదటిది ఆ ట్సుయే, రెండవది లాందా లకారముగా చూపినది. ట్సు, లు. పాతమాయాభాషలో కుక్కను ట్సుల్ అందురు! కడపటి అచ్చు వ్రాతలో నుండును గాని పలుకబడదు. తాళము తెరచుకొన్నది. ఇంగ్లండునందలి మాయావిద్యకు పెద్దదిక్కైన ఎరిక్ థాంప్సన్ దీనిని చాలకాలము ప్రతిఘటించెను. క్నోరోజోవ్ గ్రంథభాగములను సోఫీ కో అను విదుషి 1967 లో ఇంగ్లీషు చేసినది. 1970 దశాబ్దము నుండి పండితులు క్రమముగా ఆ త్రోవనే పట్టిరి. నేడు మాయారాజుల పేర్లు, యుద్ధములు, పట్టాభిషేకములు శిలలపై చదువబడుచున్నవి.

ఈ కథ చెప్పినపుడు నా శిష్యుడు, "క్నోరోజోవునకు తెలుగు వచ్చియున్న ఇంకను ముందే తెలిసియుండునేమో" అన్నాడు. తెలుగు వచ్చిన మనకెవ్వరికి తోచలేదు గదా యని నేనంటిని.

అతడు మరలిపోయిన రెండు నెలలకు ఉత్తరము వ్రాసినాడు. వాకా అట్లే నిలిచినదట. అహువారునకు సమాధి సామానే గతియైనదట. ఒక గుడిసె నేలను వర్ణించు వాక్యములో ఓగార్ అను మాటకు పొయ్యి యనవలెనో, ఇల్లు అనవలెనో తేలక గ్రంథకర్తనే యడిగినాడట. ఆ స్పానిషు పండితుడు మరునాడే సమాధానమిచ్చెనట, రెండును అని. ఇంగ్లీషులో ఏది వ్రాసినాడో మావాడు చెప్పలేదు. పుస్తకము అచ్చునుండి వచ్చిన పిమ్మట చూడవలెను.